మావాళ్ల పేకాటలో నష్టపోయింది నేనొక్కదాన్నే

(డబ్బూ ఇల్లూ ఒకదానికొకటి అడ్డొచ్చే చోట పుట్టే ప్రశ్నలకి ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది గుంటూరులో 31 ఏళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు.)

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు వారాలకోసారి శనివారం రాత్రి ఎనిమిది మందిమి ఎవరో ఒకరింట్లో చేరి పోకర్ ఆడతాం. తలా ఇరవై డాలర్లు. అవి అయిపోతే ఇంకో ఇరవై పెట్టుకోవచ్చు. ఏడాదిగా ఆడుతున్నాను, రమారమి సమానంగా ఉన్నాను. దీనివల్ల ఏకాగ్రత, నిర్ణయం తీసుకునే శక్తి పెరుగుతాయని నా నమ్మకం. మా ఆవిడేమో 'ఇంగ్లిషు పేరు పెట్టినంత మాత్రాన పేకాట పేకాట కాకుండా పోతుందా' అంటోంది. రాత్రి రెండింటికి ఇల్లు చేరి, ఆదివారం పిల్లల్ని తెలుగు బడికి దింపడానికి లేవట్లేదని ఇంకో కోపం. మా మామగారు ఫోనులో ధర్మరాజు కథ ఎత్తుకున్నారు. సరదాకి ఆడుకోవడానికి పోకర్ మంచి వ్యాపకమేనా? ఆట మెరుగుపరుచుకోవడానికి మూడు వందల డాలర్ల కోర్సు ఒకటి ఉంది, తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: ముందు కోర్సు సంగతి తేల్చేస్తాను బాబూ. కొనకండి. ఎందుకో చివర్లో చెబుతా.

మీ మామగారిలాగా నేను కథ ఎత్తుకోలేను, ఎందుకంటే నేనూ ఆడాను. మా అమ్మాయి వాళ్లది మీకు దగ్గరే, ఫ్రిస్కో. దాని రెండో పురిటికి వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. పాపకి మూడో నెల వచ్చాక, ఒక శనివారం మేడమీద గేమ్ రూములో మా అల్లుడి స్నేహితులకి ఒక మనిషి తక్కువయ్యాడు. 'అత్తయ్యగారూ, మీరు లెక్కల మనిషి కదా, ఒక్క గంట కూర్చోండి' అన్నాడు అల్లుడు. ఆ ఒక్క గంట పదకొండు శనివారాలైంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన పదమూడు ముక్కల రమ్మీలోలాగా ఒక ముక్క తీసి ఒక ముక్క పడేయడం ఇందులో లేదు. చేతికి రెండే ముక్కలు. బల్లమీద అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరికి ఇంకొకటి తెరుస్తారు. ఆ ఏడింట్లోంచి ఎవరి అయిదు మేలైతే మధ్యలో పోగైన డబ్బు, అంటే పాట్, వాళ్లది. ముక్కలు తెరిచినప్పుడల్లా పందెం కాయొచ్చు, పెంచొచ్చు, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవచ్చు. టెక్సాస్ హోల్డెమ్ అంటారు. దీని పుట్టినిల్లు రాబ్స్‌టౌన్ అనే ఊరని 2007లో ఆ రాష్ట్ర శాసనసభ గుర్తించింది. అంటే మీరుంటున్నది ఆట పుట్టింట్లోనే.

కూర్చున్న మొదటి రాత్రే ఒకటి అర్థమైంది. పోకర్ ఆడటమంటే చాలావరకు ఆడకపోవడమే. పది సార్లు ముక్కలు పంచితే ఏడెనిమిది సార్లు చూసి పడేయాలి. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో రెండూ ఆసులయ్యే రకాలు ఆరు, అంటే 221కి ఒక్కసారి. ఇళ్లల్లో ఆడేవాళ్లు కబుర్ల మధ్య గంటకి పాతిక ఆటలు ఆడితే గొప్ప. నాలుగు గంటలు కూర్చున్నా వంద. ఈ లెక్కన రెండు ఆసులు చేతికి రావాలంటే రెండు శనివారాలు ఓపిక పట్టాలి. పదకొండు వారాల్లో నాకు నాలుగుసార్లు వచ్చాయి, రెండుసార్లు వాటితోనే ఓడాను. ఎదురుగా ఒక్కరే ఉంటే అవి నూటికి ఎనభై అయిదు సార్లు గెలుస్తాయి. నలుగురు వదలకుండా అంటిపెట్టుకుని వస్తే సగానికి కాస్త పైన, అంతే. మా వాళ్లు అంటిపెట్టుకునే రకం. చేతిలో ఏమున్నా 'చూద్దాం, చూద్దాం' అంటూ వస్తారు. పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చుని ఏదీ వద్దనలేని మనిషికి పోకర్ రాదు.

ఒక ఆట చెప్తాను, బాగా గుర్తుంది. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది. బల్లమీద నాలుగు తెరిచారు, అందులో రెండు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే అయిదూ ఒకే రంగై నాదే ఆట. పాట్‌లో నాలుగు డాలర్లున్నాయి. ఎదుటివాడు రెండు కాశాడు. ఇప్పుడు నేనూ రెండు పెడితే మొత్తం ఎనిమిది. అంటే నేను పెట్టేది నాలుగోవంతు. నాలుగింట ఒకసారైనా గెలిచేలా ఉంటేనే పెట్టడం న్యాయం. నాకు కనపడని ముక్కలు 46, అందులో ఇస్పేట్లు తొమ్మిది. నూటికి ఇరవై కూడా రాదు. పడేశాను. ఆఖరి ముక్క తెరిచారు. ఇస్పేటు ఏడు.

గదంతా ఒకటే గోల. 'అయ్యో, ఒక్క రెండు డాలర్లకి భయపడ్డారాంటీ!' అని ఒకడు, 'లెక్కలు చేసేవాళ్లింతే' అని ఇంకొకడు. నేను మాత్రం అదే ముక్కలు, అదే పందెం మళ్లీ వస్తే మళ్లీ పడేస్తాను. మా తమ్ముడు ఊళ్లో మిర్చి వేస్తాడు. ధర పెరిగిన ఏడాది వాడంత తెలివైనవాడు లేడంటారు, పడిపోయిన ఏడాది వాడికి బుద్ధి లేదంటారు. రెండేళ్లూ వాడు వేసింది అదే అయిదెకరాలు. చేసిన పని వేరు, దక్కిన ఫలితం వేరు అని క్లాసులో బోర్డు నిండా రాసి చెప్పినా పిల్లలకి ఎక్కేది కాదు. ఆ ఇస్పేటు ఏడు ఒక్క నిమిషంలో చెప్పేసింది.

అందుకని మీరన్న 'నిర్ణయం తీసుకునే శక్తి' పూర్తిగా అబద్ధమనను. కానీ దాన్ని ఆడటానికి సాకుగా వాడుకోకండి. పోకర్ బాగా ఆడితే పెరిగేది పోకరే. పందెం లెక్క నిమిషంలో కట్టగల మా వాళ్లలో ఒకాయన, కారు అప్పు వడ్డీ ఎంతో తెలియదని నాతోనే అన్నాడు.

ఇక 'రమారమి సమానం' దగ్గరికి వద్దాం. నేను మొదటి రాత్రి నుంచీ ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, ఎన్ని గంటలు, ఎంత పెట్టాను, ఎంతతో లేచాను అని రాసుకున్నాను. లెక్చరరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ప్రయాణానికి ముందు ఆఖరి శనివారం బల్ల చుట్టూ అందరినీ అడిగాను, ఈ మూడు నెలల్లో మీ సంగతేంటని. అయిదుగురు లాభం అన్నారు, తలా యాభై, వంద. ఇద్దరు సమానం అన్నారు. నష్టం అన్నది నేనొక్కదాన్నే, 61 డాలర్లు. ఇళ్లల్లో ఆడే ఆటలో బయటినుంచి డబ్బు రాదు, బయటికి పోదు, ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి వెళుతుంది. మరి నా 61 డాలర్లతో అయిదుగురూ వందలు ఎలా గెలిచారో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. వాళ్లు అబద్ధాలు చెప్పారనుకోను. గెలిచిన రాత్రి గుర్తుంటుంది, పోయిన రాత్రి నిద్రలో కలిసిపోతుంది. మీ 'రమారమి' కూడా ఆ జాతిదే అయ్యుంటుంది. రాసి చూడండి.

రాయడంలో ఇంకొకటి బయటపడింది. పదకొండు రాత్రుల్లో మూడు రాత్రులు నేను రెండో ఇరవై పెట్టాను. ఆ మూడింట్లో పోయినవి 40, 33, 26. మొత్తం 99. మిగతా ఎనిమిది రాత్రులూ కలిపితే 38 డాలర్లు లాభం. నన్ను ముంచింది ఆట కాదు, రెండో ఇరవై. మంచి ముక్కలతో ఓడిపోయాక వచ్చే ఉక్రోషం ఉంటుంది చూడండి, దానికి పోకర్‌వాళ్లు టిల్ట్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఉక్రోషంలో పెట్టిన ఇరవై అది. మొదటి ఇరవై సినిమా టికెట్టులాంటిది. పోతే పోయింది, నాలుగు గంటలు నవ్వుకున్నాం. మీ దగ్గర తెలుగు సినిమా మొదటి రోజు చూడాలంటే ఇరవై డాలర్ల పైమాటే, పాప్‌కార్న్ వేరు. నా 61 డాలర్లని 44 గంటలకి పంచితే గంటకి ఒక డాలరు నలభై సెంట్లు. అంత చవకగా నన్ను అమెరికాలో ఇంకెవరూ నవ్వించలేదు. రెండో ఇరవై ఆ లెక్కలోకి రాదు. దాన్ని తీసేయండి. అయిపోయినవాళ్లు బల్ల పక్కన కూర్చుని మిర్చిబజ్జీ తింటూ చూడొచ్చు. నేను ఆఖరి వారాల్లో చేసింది అదే.

బుకాయింపు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచడం ఈ ఆటలో సగం. నేను చేసింది ఒక్కసారే, మా అల్లుడి మీద. కళావరు రెండు, ఆఠీను ఏడు పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని అయిదు డాలర్లు ముందుకి తోశాను. అతను చాలాసేపు నా మొహం చూసి, రెండు రాజులు పడేశాడు. అత్తగారు అబద్ధమాడరని అతని నమ్మకం. ఆ నమ్మకం ఖరీదు పదకొండు డాలర్లు. మర్నాడు కాఫీ ఇస్తూ ముక్కలేమిటో చెప్పాను. చెప్పకూడదట.

మీ ఆవిడ మాట. ఆవిడ అడుగుతున్నది పోకర్ గురించి కాదనిపిస్తోంది. ఆదివారం పొద్దున్న గురించి. మా నాన్న తెనాలిలో క్లబ్బుకి వెళ్లి రమ్మీ ఆడేవాడు. రాత్రి తొమ్మిదైతే అమ్మ నన్ను పంపేది, పిలుచుకురమ్మని. నాన్న తల ఎత్తకుండా 'ఈ ఆట అవగానే వస్తున్నానని చెప్పు' అని, నా చేతిలో గోళీసోడా పెట్టించి పంపేసేవాడు. ఆ ఆట ఏనాడూ పదకొండులోపు అయ్యేది కాదు. ఆయన పెద్ద ఆస్తులేమీ తగలేయలేదు. ఎంత పోయిందో అమ్మకి ఎన్నడూ తెలియనివ్వలేదు, అంతే. తెలియకపోవడం వల్ల అమ్మ ప్రతి నెలా అసలు కంటే పెద్ద అంకె ఊహించుకుని దానికి తగ్గట్టు బియ్యం కొలిచేది. నా నోటుపుస్తకం వెనక ఉన్నది స్టాటిస్టిక్స్ ఒక్కటే కాదు.

కాబట్టి మీ పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టండి, ఆవిడకి కనపడేట్టు. పదకొండున్నరకి ఫోనులో అలారం పెట్టి, అది మోగాక ఒక్క రౌండు ఆడి లేవండి. 'ఇంకొక్కటి' అనేవాడు ఎప్పుడూ ఓడుతున్నవాడే అయ్యుంటాడు. వాడి మాట వినకండి, వాడు మీరే అయినా సరే.

చట్టం సంగతి కూడా చూసుకోండి. టెక్సాస్‌లో సొంత ఇంట్లో, గెలిచిన డబ్బు తప్ప ఎవరూ వేరే లాభం తీసుకోకుండా, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండేట్టు ఆడుకుంటే ఇబ్బంది లేదు. అందుకని పిజ్జా డబ్బులు పాట్‌లోంచి తీయకండి, విడిగా వేసుకోండి. మీ పక్కనే డాలస్‌లో పేకాట క్లబ్బులు కూడా ఉన్నాయి, పాట్‌లో వాటా తీసుకోకుండా సభ్యత్వానికీ, కుర్చీకి గంటకింత అనీ వసూలు చేస్తాయి. వాటికీ డాలస్ నగరానికీ మధ్య కోర్టు వ్యవహారాలు నడిచాయి. మీకెందుకా గోల! పైగా గంటకి కుర్చీ అద్దె కట్టి ఇరవై డాలర్ల ఆట ఆడితే గెలిచేది కుర్చీయే.

ఇప్పుడు కోర్సు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన లిబ్రటస్ అనే ప్రోగ్రాము నలుగురు మేటి ఆటగాళ్లతో, ఒక్కొక్కరితో విడివిడిగా ఆడి ఓడించింది. గెలుపు అదృష్టం కాదని తేల్చుకోవడానికి వాళ్లు ఆడింది 1,20,000 ఆటలు, ఇరవై రోజులపాటు. మీరు రాత్రికి వంద చొప్పున, ఏడాదికి 26 రాత్రులు ఆడితే 2,600. ఈ లెక్కన మీరు అక్కడికి చేరేసరికి 46 ఏళ్లు పడుతుంది, మీకు 82 వస్తాయి. అంతదాకా కూడా అక్కర్లేదనుకోండి, కానీ మూడు వందల డాలర్ల కోర్సు వల్ల ఆట మెరుగైందా, ముక్కలు కలిసొచ్చాయా అన్నది ఏడాదిలో తేలదు. ఇరవై డాలర్ల ఆటలో ఆ మూడు వందలు రాబట్టాలంటే మీ స్నేహితుల దగ్గరినుంచే రాబట్టాలి. ఆ తర్వాత మీరు వాళ్లకి స్నేహితులుగా ఉంటారో లేదో.

మంచి వ్యాపకమేనా అన్నారు. మీ ఎనిమిది మందిలో ఒకరి ఉద్యోగం పోయిన శనివారం ఆ ఇరవై డాలర్లు వద్దని, మామూలుగానే కూర్చోగలిగితే, మంచిదే.

ప్రశ్న: ఫోనులో పోకర్ ఆడి 40 వేలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు యాప్ పనిచేయడం లేదు. వేరే దేశపు యాప్ లింకు ఒకటి ఫ్రెండు పంపాడు. 'పోకర్ నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది, తప్పేం లేదు' అంటున్నాడు. పోయింది రాబట్టుకోవచ్చా?
- వి., 24 ఏళ్లు, విజయవాడ

జవాబు: సుప్రీంకోర్టు 1967 నవంబరులో చెప్పింది రమ్మీ గురించి, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అందులో నైపుణ్యం పాలు ఎక్కువంది, మూడు ముక్కలాట వంటివి వట్టి అదృష్టమంది. మీ ఫ్రెండు అరవై ఏళ్ల కిందటి మాట పట్టుకుని ఈనాటి లింకు పంపుతున్నాడు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, అది నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టి, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ వద్దంది. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వేరే దేశపు యాప్‌వాడు మీ డబ్బు ఎగ్గొడితే మీరు వెళ్లి ఫిర్యాదు చేయడానికి గుమ్మం కూడా ఉండదు.

పోనీ నైపుణ్యమే అనుకుందాం. అంటే నైపుణ్యం ఉన్నవాడు లేనివాడి దగ్గర తీసుకుంటాడనే కదా అర్థం? మీరెటు ఉన్నారో 40 వేలు చెప్పనే చెప్పాయి. పైగా తెర అవతల కూర్చున్నది మనిషో ప్రోగ్రామో కనపడదు. లిబ్రటస్ తమ్ముడు ప్లూరిబస్ 2019లో ఆరుగురు కూర్చునే బల్లమీదే మేటి ఆటగాళ్లని ఓడించింది.

లింకు తీసేయండి. ఆ 40 వేలు అప్పు తెచ్చినవైతే ఇంట్లో ఒక్కరికి, తిట్టినా సరే వినేవాళ్లకి, ఈ రోజే చెప్పండి. చెప్పలేకపోతే, ఆడకుండా ఉండలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: సెలవులకి వచ్చిన మా మనవడు (11 ఏళ్లు) పోకర్ నేర్పిస్తానని నా వెంట పడుతున్నాడు. డబ్బు లేకుండానే. ఆడొచ్చా?
- ఒక అమ్మమ్మ, రాజమండ్రి

జవాబు: తప్పకుండా ఆడండి, చింతపిక్కలతో. కానీ ఒక డబ్బా నిండా ముందు పెట్టుకోకండి. చింతపిక్కలకి లోటు లేకపోతే ఎవడూ ముక్కలు పడేయడు, ఆట చప్పబడిపోతుంది. తలా యాభై లెక్కపెట్టి ఇవ్వండి. అయిపోయినవాళ్లు ఆ పూట కంచాలు తీయాలి. రెండు ముక్కలు 1,326 రకాలుగా ఎలా వస్తాయో వాడినే కాగితం మీద కట్టమనండి. 52ని 51తో గుణించి ఎందుకు సగం చేయాలో వాడికి తోచేదాకా మీరు చెప్పకండి. వాడి ముందు మీరు బుకాయించొచ్చు. మీ దగ్గర వాడు బుకాయిస్తే కోప్పడకూడదు, అది ఆటలో భాగం. తర్వాత 'హోంవర్క్ అయిపోయింది' అన్నప్పుడు మాత్రం పుస్తకం తెరిపించి చూడండి.

ప్రశ్న: మేడమ్, మీరు రాయల్ ఫ్లష్ ఎప్పుడైనా చూశారా?
- కె., హనుమకొండ

జవాబు: లేదు. ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు. అయిదు ముక్కలే పంచితే 6,49,740కి ఒకసారి. ఏడింట్లోంచి ఏరుకునే హోల్డెమ్‌లో 30,940కి ఒకసారి. మా అల్లుడు తనకి వచ్చిందంటాడు. ఆ సమయానికి నేను కింద పాపకి పాలు కలుపుతున్నాను. ఆ పదకొండు డాలర్ల సంగతి తెలిశాక అతను చెప్పేవి ఊరికే నమ్మట్లేదు.